కెమెరాకు మైల

"అది ముట్టుకున్నందుకే తెర పోయింది" అంది రత్నమ్మ, కొడుకు కంచంలో మళ్లీ పప్పు వేస్తూ.

అది అంటే కోడలు హిమబిందు. ఆ మాట అన్నప్పుడు ఆమె పెరటి వసారాలో, వంటింటి గడపకు అవతల, ఖాళీ కంచం ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. ముట్టు మూడో రోజు. రేపు పొద్దున తలకు పోసుకుంటేనే మైల పోయేది. ఎవరో ఒకరు లేచి వడ్డిస్తే తప్ప తినడానికి లేదు. వాళ్ల చేతులు ఖాళీ అయ్యాక, మిగిలింది, పైనుంచి జారవిడుస్తారు. ఒకోసారి కంచంలో పడుతుంది, ఒకోసారి పక్కన పడుతుంది.

రత్నమ్మ కొడుకు నరేంద్రకు ఆళ్లగడ్డలో, ఇంటి ముందు గదిలోనే ఫోటో స్టూడియో. నిన్న ఆయుధ పూజకు కెమెరాను పీట మీద పెట్టి, రత్నమ్మ తన చేత్తో గంధం అద్ది, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టించింది. ఈ పొద్దున ఆన్ చేస్తే వెనక తెర నల్లగా ఉండిపోయింది. నరేంద్ర బ్యాటరీ మార్చాడు. కార్డు తీసి పెట్టాడు. అరచేత్తో గట్టిగా తట్టాడు. తెర వెలగలేదు. అతనికి దొరకని కారణం రత్నమ్మకు వెంటనే దొరికింది. పూజకు రెండు రోజుల ముందు కెమెరా తుడిచింది కోడలే గదా. మర్నాడు తెల్లారే ముట్టయింది గదా. రాత్రే అయి ఉంటుంది, చెబితే పనులు ఎగ్గొట్టడానికి అంటామని దాచి ఉంటుంది, అంతే. నరేంద్ర పప్పన్నం కలుపుకున్నాడు. తిన్నాక, ఇది బాగు కాకపోతే రేపు నంద్యాల పోయేది లేదని చెప్పి, కెమెరాను వెనక గదిలో కంప్యూటరు బల్ల మీద పడేసి పోయి పడుకున్నాడు.

నంద్యాల పోవాల్సింది హిమబిందు. నంద్యాలలో సుబ్బలక్ష్మమ్మ కూతురు ప్రియదర్శినిని రేపు పెళ్లికూతుర్ని చేస్తున్నారు. ఆ పిల్లకు మగవాళ్ల ఎదుట ముఖం బిగుసుకుపోతుంది. నిశ్చితార్థంలో నరేంద్ర తీసిన ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ నవ్వలేదు. అతను భోజనానికి లేచినప్పుడు, లైటు పట్టుకుని నిలబడిన హిమబిందు నాలుగు ఫోటోలు తీసింది. వాటిలో నవ్వింది. అందుకే సుబ్బలక్ష్మమ్మ ఫోన్ చేసి, ఆ రోజుకు మొగోళ్లు వద్దు, మీ ఆవిడ్నే తీయమనప్పా అని అడిగింది. పెళ్లయినప్పటి నుంచి హిమబిందు స్టూడియో ఊడ్చింది, లైట్లు మోసింది, కంప్యూటరు ముందు కూర్చుని వందల పెళ్లిళ్ల ఆల్బములు చేసింది. "మా ఆవిడకి పొద్దు పోదు, ఊరికే నొక్కుతా ఉంటాది" అని నరేంద్ర వచ్చినవాళ్లకు చెప్పేవాడు. ఎవరైనా ఆమెను ఆమె పని కోసం అడగడం ఇదే మొదటిసారి. అడిగారని తెలిసిన రోజు రత్నమ్మ, "వాని కెమెరా పట్టుకుని ఊరేగేదానికి పోతాందా" అని నవ్వింది. నవ్వితే నవ్వనీ, పోనిస్తే చాలనుకుంది హిమబిందు.

ముట్టయితే ఆ ఇంట్లో వంటింటికి మైల, దేవుడి గూటికి మైల, మంచానికి మైల. బట్టలుతికే బండకు లేదు. ఆల్బం పని ఆగిపోతుంది కాబట్టి కంప్యూటరుకు కూడా లేదు. అంట్లు తోమి వచ్చి ఆమె ఆ కంప్యూటరు ముందే కూర్చుంది. పక్కనే కెమెరా. ఎటూ తన వల్లే పోయిందన్నారు, ఇక పోయేదేముందని చేతిలోకి తీసుకుంది.

మీట తిప్పింది. చిన్న దీపం వెలిగింది, అంటే ప్రాణం ఉంది. తెర మార్చే బటన్ నొక్కింది. నలుపే. తెరలో వెలుతురు తగ్గిపోయిందేమోనని కిటికీ మూసి చీకట్లో చూసింది. నలుపే. కంటి దగ్గర పెట్టుకుని లోపలి గాజులోంచి చూస్తే మాత్రం గది అంతా శుభ్రంగా కనబడింది. లోపల బొమ్మ ఉంది, బయటికి రావడం లేదు. మనం కన్ను పెట్టి చూసేటప్పుడు వెనక తెర తనంతట తాను ఆరిపోతుంది, కన్ను తీస్తే వెలుగుతుంది. ఇప్పుడు కన్ను తీసినా వెలగడం లేదు. ఇంకా ఎవరో చూస్తున్నట్టే ఉంది దానికి. ఎవరు చూస్తున్నారని తిప్పి చూసింది. కన్ను పెట్టే చోటికి పైన గోరంత నల్ల అద్దం ఉంటుంది, మనిషి దగ్గరికి వచ్చింది లేనిది కనిపెట్టేది. సరిగ్గా దాని మీద, ఎండి పెళుసుబారిన గంధం, మధ్యలో కుంకుమ.

దూదిని కాస్త తడిపి తుడిచింది. తెర వెలిగింది.

నరేంద్రను లేపి చూపించింది. ముట్టుకున్నావా అన్నాడు ముందు. తర్వాత దూది మీది ఎరుపు చూశాడు, తెర చూశాడు, చిన్నపిల్లవాడిలా నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమె కూడా నవ్వింది. అతను గొంతు తగ్గించి, "అమ్మతో అనొద్దు. నొచ్చుకుంటాది. నీ వల్లే అని అనుకోనీ, ఏం పోయింది" అన్నాడు. సాయంత్రం అమ్మ తృప్తికి రెండు చెంపలేసుకోమని, పొద్దున నంద్యాల బస్సెక్కుదామని చెప్పాడు.

రెండు చెంపలే గదా అనుకుంది హిమబిందు. దేవుడి ముందు ఎన్నిసార్లు వేసుకోలేదు.

దీపాల వేళ రత్నమ్మ కెమెరాను ముందు గదిలో మళ్లీ పీట మీద పెట్టించింది. పసుపు నీళ్లు చల్లబోతే నరేంద్ర చటుక్కున కెమెరా ఎత్తి చేతిలో పట్టుకున్నాడు. ఆమె ఖాళీ పీటకే చల్లింది. కోడలిని గడప అవతలే నిలబెట్టింది. హిమబిందు చేతులు చెంపల దాకా లేచాయి.

"ఊరికే కాదు. నా మైల తగిలి చెడిపోయింది, తప్పయిందని గట్టిగా చెప్పు" అంది రత్నమ్మ.

హిమబిందు మొగుడి వైపు చూసింది. అతను తల వంచుకుని కెమెరాలో పాత ఫోటోలు తిప్పుకుంటున్నాడు. తిప్పినప్పుడల్లా కీచుమంటోంది.

"అత్తా, బొట్టు అద్దం మీద పడింది. తెర పోయింది దానికే. ఆయనకు తెలుసు."

రత్నమ్మ వత్తి ఎగదోసి, వేలికంటిన నూనె తలకు రాసుకుంది. "నాకూ తెలుసులే. వాడు లేచినాకనే చెప్పినాడు. నవ్వుకున్యాము గూడా. అయినా చెప్పు. ఇంట్లో ఎవురో ఒకరు ఒప్పుకోవాల గదా."

"చెప్పేయ్ బిందూ" అన్నాడు నరేంద్ర, తల ఎత్తకుండా. "నోటి మాటే గదా. పొద్దున పోవద్దా?"

హిమబిందు చేతులు దించింది. పెరటి వైపు నుంచి వెనక గదిలోకి పోయింది. ఆల్బములు చూపించడానికి ఆమె ఫోనులో అందరి నంబర్లూ ఉంటాయి. సుబ్బలక్ష్మమ్మకు కలిపి, ముందు గదికి వినబడేలా మాట్లాడింది.

"అమ్మా, నేను హిమబిందును, ఆళ్లగడ్డ నుంచి. రేపు పొద్దున్నే వస్తాండా. నేనొక్కదాన్నే. మా ఇంటి కెమెరా తేను, నంద్యాలలో యాడన్నా బాడుగకు దొరుకుతుందేమో చూసి పెట్టండమ్మా."

అవతలి నుంచి సుబ్బలక్ష్మమ్మ, మీ ఆయన పంపిస్తాడా అని అడిగింది.

"నేను వస్తాండానమ్మా" అంది హిమబిందు.

ముందు గదిలో ఫోటోలు తిప్పే చప్పుడు ఆగిపోయింది.