మిగతా పిల్లలకి

మైదా జిగురు ఉడుకుతున్న వాసన. దాని వెనకే కొల్లేటి గాలి... బురద వాసన, కుళ్లిన గుర్రపుడెక్క వాసన.

రేపు క్రిస్మస్.

కలిదిండి దగ్గర ఆ పల్లెలో పండగ ముందురోజు ఆడవాళ్లు చర్చి కడుగుతారు. ఆడపిల్లలు రంగుకాగితాలు అంటిస్తారు. పదేళ్ల కెజియా పొద్దుటినుంచీ అంటిస్తూనే ఉంది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. విసుక్కుంటే తాత చూడడూ!

క్రిస్మస్ తాత అన్నీ చూస్తాడు. సండేస్కూలు టీచరు మార్తమ్మగారు ఏటా చెప్పే మాటే అది — మంచి పిల్లలకి మంచి బహుమతి, మిగతావాళ్లకి వాళ్ల బుద్ధిని బట్టి.

పండగనాడు ఆరాధన అయ్యాక వస్తాడు తాత. ఎర్రగౌను, దూదిగడ్డం, ముఖానికి ప్లాస్టిక్ ముసుగు. ఒక్కొక్కరినే పేరుపెట్టి పిలిచి సంచీలోంచి తీసి ఇస్తాడు. హెడ్మాస్టారు నెహెమ్యాగారి అమ్మాయి క్రిస్టినాకి పోయినేడు చేతిగడియారం.

కెజియాకి పెన్సిలు.

ప్రతి యేడూ పెన్సిలే.

ఏం తప్పు చేశాను? ఏడాది పొడుగునా అదే బెంగ. అమ్మకి ఎదురు చెప్పడం మానేసింది. కీర్తనలు కంఠతా పట్టింది. ఈ యేడు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు గవర్నమెంటువాళ్లు కొట్టేస్తే నాన్నకి పని పోయినప్పుడు, అన్నంలోకి కూరేదీ అని ఒక్కపూట కూడా అడగలేదు. అయ్యో, పిచ్చితల్లి! ఈసారి మాత్రం తాతకి వంక దొరకదు అనుకుంది.

జిగురు అయిపోయింది. ఇంకాస్త మైదా కోసం చర్చి వెనక గదిలోకి వెళ్లింది.

మేకుకి ఎర్రగౌను వేలాడుతోంది.

కింద ముసుగు — బోర్లా పడి. కళ్లుండే చోట రెండు కన్నాలు.

పక్కనే సంచీ. మూతి తెరిచే ఉంది. పైన ఆకివీడు ఫ్యాన్సీషాపు కవరు, దానికి పిన్నుకొట్టిన చీటీ: ‘మా అమ్మాయి క్రిస్టినాకి’. ఆ గుండ్రటి అక్షరాలు రోజూ బడిలో బోర్డు మీద చూసేవే. మాస్టారివి. ఇంకో పొట్లం — ఇంకో నాన్న రాత. మరొకటి — మరో అమ్మ రాత... కొనగలిగినవాళ్లు కొని, ముందే తెచ్చి ఇచ్చేశారన్నమాట.

అడుగున రబ్బరుబ్యాండు వేసిన పెన్సిళ్ల కట్ట. దాని చీటీ మీద మార్తమ్మగారి రాత.

‘మిగతా పిల్లలకి.’

తాత లేడు. లేకపోతే పోయాడు, ముసలాడు! అందుకు ఏడుపు రాలేదు కెజియాకి. అరికాలిమంట నెత్తికెక్కింది దేనికంటే — బుద్ధి అన్నారే! నీ బుద్ధిని బట్టి అన్నారే! ఎన్నిసార్లు మోకాళ్లూనింది తను, చెయ్యని తప్పుకి క్షమించమని!

మైదా తీసుకోకుండానే బయటికొచ్చేసింది.

పండగ పొద్దు. ఆరాధన అయింది. గంట వాయించుకుంటూ తాత వచ్చాడు. పిల్లలు ఒకటే కేరింతలు. కెజియా చేతులు కట్టుకుని కూచుంది. తన పేరు పిలిచారు... లేవలేదు.

“లేవే, అందరూ చూస్తన్నారు,” అని వెనకనుంచి పొడిచింది అమ్మ యేసమ్మ.

అయినా లేవలేదు.

చెల్లెల్ని పిలిచారు. రూతుకి ఐదేళ్లు. సండేస్కూల్లో చేరాక ఇదే మొదటి క్రిస్మస్. గంతులేసుకుంటూ వెళ్లింది. మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. గుప్పిట్లో పెన్సిలు. అటు క్రిస్టినా ఒళ్లో కళ్లు మూసి తెరిచే బొమ్మ. రూతు దాన్ని చూసింది, దీన్ని చూసింది. కింది పెదవి వణికింది.

“అక్కా... నిన్న పంచదార దొంగతనంగా తిన్నానని తాతకి తెలిసిపోయిందా?”

చెప్పేద్దామనుకుంది కెజియా. తాతా లేడు, తోకా లేదు, ఇచ్చేది అమ్మానాన్నలేనే అని... నోటిదాకా వచ్చింది. వెనక్కి చూస్తే అమ్మ తలొంచుకుని చీర కొంగు నలుపుతోంది. ఆ మాట తగిలేది అమ్మకే. కొనలేని అమ్మకి. మింగేసింది.

మింగినకొద్దీ మండింది.

లేచింది. చెల్లి చెయ్యి పట్టుకుంది. చాపల మధ్యనుంచి నడిచి వెళ్లి మార్తమ్మగారి ఎదురుగా నిలబడింది. గొంతు మెత్తగా ఉంది, పెద్దవాళ్లతో ఎలా మాట్లాడాలని అమ్మ నేర్పిందో అంత మెత్తగా.

“టీచరుగారండీ, మా చెల్లి ఏం తప్పు చేసిందో కాస్త చెప్తారా? తనకి తెలియట్లేదంటండి.”

తాత చేతిలో గంట ఆగింది. మార్తమ్మగారు నవ్వబోయారు — నవ్వు కుదరలేదు.

“పండగపూట ఏంటమ్మా ఇది... వెళ్లి కూచో.”

“కూచుంటానండి. మీరు చెప్పాక కూచుంటాను.”

రూతు కూడా తలెత్తి టీచరుగారి ముఖంలోకే చూస్తోంది, నిజంగానే తెలుసుకుందామని.