అద్దం మీది స్టిక్కరు

లాజరస్ పోయిన రోజు పొద్దున జెమ్‌షెడ్‌పూర్ గోల్‌మురిలో వాన ఆగి ఆగి కురుస్తోంది. టిన్‌ప్లేటు కార్ఖానా మొదటి షిఫ్టు లోపలికి వెళ్ళిపోయింది. కూలీలను గేటు దగ్గర దింపిన ఆటోలు మళ్ళీ స్టాండులో వరస కట్టాయి. వరసలో మొదటి బండి లాజరస్‌ది, దాని వెనకది అతని బావమరిది పౌల్‌రాజుది. లాజరస్ బండి తీసి మలుపు తిరిగాడు. ఇనప చుట్టలు మోసుకుపోతున్న ట్రైలరు లారీ ఒకటి, తన తోక ఎటు తిరుగుతోందో చూసుకోకుండా ఆటోను ఒరుసుకుంటూ పోయింది. ఆటో బోర్లా పడింది. ట్రైలరు ఆగలేదు.

పౌల్‌రాజు అంతా చూశాడు.  అతనూ తక్కిన డ్రైవర్లూ పరుగెత్తి బండిని ఎత్తారు. ఆసుపత్రికి చేరేసరికి లాజరస్ లేడు.

ఆ సాయంత్రం పౌల్‌రాజు మళ్ళీ ఆ మలుపుకు వచ్చాడు. నుజ్జయిన ఆటోను పోలీసులు అప్పటికే లాక్కుపోయారు. ముందు అద్దం మాత్రం రబ్బరులోంచి ఊడి కాలవ పక్కన పడి ఉంది. నిండా బీటలే గాని ముక్కలు కాలేదు. దాని మూలన పసుపుపచ్చని గుండ్రటి స్టిక్కరు, దాని మీద ఎర్రక్షరాలతో ‘భానూ బీమా సేవ’, ఆ పైన ఎండిన కుంకుమ బొట్టు చెక్కుచెదరకుండా ఉన్నాయి. పౌల్‌రాజు మెడలోని గమ్‌ఛా తువ్వాలు తీసి, అద్దాన్ని పసిబిడ్డను చుట్టినట్టు చుట్టి సిద్ధగోరాలోని అక్క ఇంటికి తీసుకుపోయాడు.

"అప్పా, ఇది దాచు. ఇదే బావ బీమా," అన్నాడు.

అక్క అంతోనమ్మ దాన్ని మంచం కింద భద్రంగా పెట్టింది.

ఆ స్టాండులో ఎవరినడిగినా ఆ మాటే చెప్పేవారు. ఏటేటా విశ్వకర్మ పూజ నాడు బిష్టుపూర్ నుంచి ఏజెంటు భానుప్రకాష్ వస్తాడు. విగ్రహం ఖర్చూ, మైకు ఖర్చూ ఆయనవే. హారతి కాగానే కుంకుమ పళ్ళెం పట్టుకుని వరసలోని ఒక్కో బండి దగ్గరికీ వచ్చి, కొత్త స్టిక్కరు అంటించి, దాని మీద బొట్టు పెడతాడు. ఆ స్టిక్కరున్న బండిని ట్రాఫిక్ వాళ్ళు ఆపరు. అది లేని బండిని స్టాండు లెక్కలు చూసే ముంషీ వరసలోకి రానివ్వడు. పాలసీ కాగితం ఎలా ఉంటుందో డ్రైవర్లలో ఎవరూ చూడలేదు. అది ఆయన ఆఫీసులోనే ఉంటుంది. చర్చికి వెళ్ళే లాజరస్, పౌల్‌రాజు కూడా ఆ బొట్టును చెరపలేదు. బొట్టు చెరిపితే బీమా చెడుతుందేమోనని భయం. అద్దం తుడిచేటప్పుడు అందరి గుడ్డా ఆ గుండ్రటి బిళ్ళను తప్పించుకుని పోయేది.

ఖననం అయిన వారం అక్కాతమ్ముళ్ళు అద్దాన్ని మోసుకుని బీమా కంపెనీ ఆఫీసుకు వెళ్ళారు. పౌల్‌రాజు గమ్‌ఛా విప్పి అద్దాన్ని కౌంటరు మీద పెట్టాడు.

"యే క్యా హై, భైయా?" అని ఇదేమిటో హిందీలో అడిగింది కౌంటరు వెనక అమ్మాయి.

"మా బావ బండి బీమా అమ్మా. స్టిక్కరు సూడండి, ఎక్కడా సిరగనేదు."

ఆ అమ్మాయి అద్దం వైపు చూసింది. తర్వాత అంతోనమ్మ వైపు చూసింది. బండి నంబరు అడిగి కంప్యూటరులో కొట్టింది.  మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు తగ్గించి తెలుగులో మాట్లాడింది.

"ఈ స్టిక్కరు మా కంపెనీది కాదండీ. ఏజెంటు తన కోసం అచ్చు వేయించుకున్నది."

"అయితే బీమా నేదా?"

"బండికి ఉంది. బండి నడిపే యజమాని చనిపోతే ఇంటివాళ్ళకు వచ్చే సొమ్ముకు బీమా వేరే ఉంటుంది. అది తీసేశారు. ఆయనకు ఇంకోచోట అలాంటి బీమా ఉందని రాయించారు."

"ఇంకో సోటా? ఆడికి సర్చి తప్ప ఇంకో సోట ఏటున్నాదమ్మా?" అంది అంతోనమ్మ.

"మరంత డబ్బు ఎందుకు కట్టించుకున్నారు తల్లీ? ప్రతేడూ పెరగడమే గాని తగ్గిందే నేదు," అన్నాడు పౌల్‌రాజు.

"కట్టి తీరాల్సిన బీమా రేటే ఏటేటా పెరుగుతోందండీ. దాని మీద ఏజెంటుకు మిగిలేది తక్కువ. అందుకని వేరేవి కలుపుతారు. దారిలో బండి ఆగిపోతే క్రేను వచ్చి లాక్కెళ్ళడానికి మీ బావగారి చేత కట్టించారు. వీటి మీద కమీషన్ ఎక్కువ." ఆ అమ్మాయి వెనక్కి తిరిగి మేనేజరు గది వైపు చూసింది. "నేను చెప్పానని మాత్రం అనకండి. నాది పర్మనెంటు ఉద్యోగం కాదు."

బయటికి వచ్చాక అంతోనమ్మ మెట్ల మీద కూర్చుండిపోయింది. అద్దం ఒళ్ళో ఉంది.

"ఇనప బండికి క్రేను. మనిసికి ఏటీ నేదు," అంది. "క్రేనైనా వచ్చిందేటిరా?"

"నేదప్పా. మేమే ఎత్తేం."

వాళ్ళు కౌంటరుకు వెళ్ళిన సంగతి భానుప్రకాష్‌కు తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. పౌల్‌రాజును పిలిపించాడు. ఈ ఏజెంటు తండ్రి కార్ఖానాలో పెద్ద ఇంజనీరుగా చేసి రిటైరైనవాడు. ఊళ్ళో తెలుగువాళ్ళ సభల్లో భానుప్రకాష్ ముందు వరసలో కూర్చుంటాడు. పౌల్‌రాజును కూర్చోమన్నాడు. పౌల్‌రాజు కూర్చోలేదు.

"ఏమయ్యా, ఇంటి మాట బజార్న పెట్టుకుంటారా? మనం మనం తెలుగువాళ్ళం."

"అప్ప అడగమన్నాదండి. బావది ఎందుకు తీసేసినారో..."

"రేటు పెంచేది నేనా? పైన పెంచుతారు. తగ్గించు, తగ్గించు అని నా ప్రాణం తీసేది మీరు. ఎక్కడో ఒకచోట కొయ్యాలి కదా. అప్పుడు లాజరస్ నిక్షేపంలా ఉన్నాడు."

పౌల్‌రాజు గుమ్మం వైపు జరిగాడు. 

"పూజతో నీ బండి బీమా గడువు అయిపోతుంది," అన్నాడు భానుప్రకాష్ మెత్తగానే. "స్టిక్కరు లేకుండా నీ బండి ఏ సిగ్నలు దాకా పోతుందో నీకే తెలుసు. బండి మీద ఇంకా అప్పు ఉంది కదూ? మీ అక్కకు నువ్వు చెప్పుకో."

"అలగేనండి," అన్నాడు పౌల్‌రాజు. మెట్లు దిగుతూ కూడా ఆ మాటే అన్నాడు, వినేవాళ్ళెవరూ లేకపోయినా.

ఆ రోజు నుంచి అతన్ని భయం పట్టుకుంది. ఖాకీ చొక్కా కనబడితే బ్రేకు మీద కాలు పడేది. బండెక్కిన సవారీలు చిల్లర అడిగితే ఉలిక్కిపడేవాడు. బండి పోతే తిండి పోతుంది, కిస్తీ ఆగుతుంది, కూతురు జెన్సీ కాలేజీ ఆగుతుంది. రోజూ స్టిక్కరును గుడ్డతో తప్పించి అద్దం తుడుస్తూనే ఉన్నాడు. అదంటే ఇప్పుడు అసహ్యం. అయినా చెయ్యి దాన్ని తప్పించుకునే పోతోంది.

ఒక ఆదివారం అంతోనమ్మ ఇంట్లో ఆదరణ కూటం పెట్టారు. చావు జరిగిన ఇంటివాళ్ళకు ధైర్యం చెప్పే ప్రార్థన అది. స్టాండులోని డ్రైవర్లంతా వచ్చారు. హిందువులు, ముస్లింలు, సంతాలీ ఆదివాసులు గుమ్మం బయట బెంచీల మీద కూర్చుని పాటలు విన్నారు. పాస్టరుగారు ప్రార్థన ముగించి, టీ తాగి వెళ్ళిపోయారు. డ్రైవర్లు మాత్రం కదల్లేదు. అంతోనమ్మ మంచం కింద నుంచి అద్దం తీసుకొచ్చి వాళ్ళ మధ్యన పెట్టింది. కౌంటరు దగ్గర విన్నదంతా చెప్పింది, ఎవరి నోట విన్నదో తప్ప.

 స్టాండులో అందరికంటే ముసలివాడు పైడితల్లి. అతనే ముందు నోరు విప్పాడు.

"మా ముసిల్ది నా మొకం ఏనాడూ తుడిసి ఎరగదు. ఆ బిళ్ళని మాత్రం ముట్టుకోకుండా సుట్టూ రోజూ తుడుత్తాది. నాకన్నా దానికే ఇలవ." కొందరు నవ్వారు. పైడితల్లి నవ్వలేదు. "అంటే నాను సత్తే ముసిల్దానికీ ఏటీ రాదా?"

"మావా, నీదీ అంతే, నాదీ అంతే," అన్నాడు అమర్. అతను జెమ్‌షెడ్‌పూర్‌లోనే పుట్టి పెరిగిన కుర్ర డ్రైవరు. మాటలో సగం హిందీ. "సబ్ మిలే హువే హై. ఏజెంటు, ముంషీ, చౌక్‌లో నిలబడే ట్రాఫిక్ వాడు, అందరూ ఒకటే. స్టిక్కరుకు డబ్బు మనం ఇస్తాం. మనల్ని ఆపనందుకు అందులోంచి వాళ్ళకు పోతుంది. మన డబ్బుతోనే మనకు డర్, మనకు భయం."

"అయితే ఏటి సేత్తావు? గాల్లో తోలుతావా బండి?" అన్నాడు పైడితల్లి.

"అందరం కలిసి సీదా కౌంటరుకు పోదాం. క్రేను గీను వద్దు, డ్రైవరు ప్రాణానికి రాయండి, కాగితం మా చేతికివ్వండి అందాం. ఏజెంటు లేకుండా."

"అక్కడా రేటు తక్కువేటి కాదురా."

"కాదు. దాని గురించి కూడా అడుగుదాం. ఒక్కడు అడిగితే తోసేస్తారు. స్టాండు మొత్తం అడిగితే?"

"ఆ రోజు నుంచి పోలీసు సలాన్లు పడతాయి," అన్నాడొకడు. "ముంషీ తోసేత్తాడు. ఆడికి వేరే బండ్లు దొరకవా?"

"దొరుకుతాయి. అందుకే అందరం అంటన్నా," అన్నాడు అమర్.

వాదన చాలాసేపు సాగింది. పిల్లల ఫీజులు గుర్తు చేసినవాళ్ళు ఉన్నారు. లాజరస్ బతికి ఉంటే ఇలాంటి గొడవలకు వచ్చేవాడు కాదని అన్నవాళ్ళూ ఉన్నారు. చివరికి ఒక మాట అనుకున్నారు. పూజ నాడు ఎవరూ స్టిక్కరు అంటించుకోకూడదు. అంతోనమ్మకు జరిగిన అన్యాయం తేలేదాకా వరసలో ఏ బండీ భానుప్రకాష్‌ది కాదు.

"అనుకోడం సులువే," అన్నాడు పైడితల్లి లేస్తూ. "ఆయన పళ్ళెం పట్టుకుని వత్తాడు. ముందు ఎవుడు కాదంటాడు?"

లాజరస్ పోయాక పూజ వరసలో ముందుండేది పౌల్‌రాజు బండి. అందరూ అతని వైపు చూడకుండా ఉండడానికి ప్రయత్నించారు. పౌల్‌రాజు తల వంచుకుని చెప్పులు వెతుక్కున్నాడు.

పూజ రోజు వచ్చింది. ఊరంతా కార్ఖానాలు, గ్యారేజీలు, స్టాండులు అలంకరించుకున్నాయి. గోల్‌మురి స్టాండులో మైకు మోగుతోంది. బండ్లన్నీ కడిగి వరసగా నిలబెట్టారు. అయితే వరసలో మొదటి చోటు ఖాళీగా ఉంది. అక్కడ నిలపొద్దని ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అయినా ఎవరూ నిలపలేదు. పౌల్‌రాజు బండి రెండో చోటనే ఉంది. పక్కన పోలీసు జీపు ఆగి ఉంది. ప్రసాదానికి వచ్చారని కొందరన్నారు.

పౌల్‌రాజు జేబులో గడ్డం గీసుకునే బ్లేడు ఉంది. పొద్దున్నుంచి దాన్ని తడుముకుంటూనే ఉన్నాడు. తీస్తానని అతనికే నమ్మకం లేదు.

హారతి అయ్యింది. భానుప్రకాష్ కొత్త స్టిక్కర్లు, కుంకుమ పళ్ళెం పట్టుకుని వచ్చాడు. అప్పుడు అంతోనమ్మ జనంలోంచి నడిచి వచ్చి ఆ ఖాళీ చోట నిలబడింది. గమ్‌ఛా విప్పి బీటలు వారిన అద్దాన్ని రెండు ఇటికల మీద నిలబెట్టింది.

"ఈ బండికి కూడా అంటించండి బాబూ," అంది. "ఏటేటా ముందు దీనికే కదా."

మైకు దగ్గరున్నవాడు పాట ఆపేశాడు. భానుప్రకాష్ అద్దం వైపు చూడలేదు. "ఇది సమయం కాదమ్మా, తర్వాత మాట్లాడదాం," అని ఆమెను చుట్టి వచ్చి పౌల్‌రాజు బండి ముందు నిలబడ్డాడు. "జరుగు పౌల్‌రాజూ."

 జీపు దగ్గర నిలబడ్డ ఖాకీ చొక్కాలు కనిపిస్తున్నాయి. అక్క వీపు కనిపిస్తోంది. ఆమె వెనక్కి తిరగలేదు, అతన్ని ఏమీ అడగలేదు. అడిగి ఉంటే పారిపోయేవాడేమో.

బ్లేడు తీశాడు. మొదట వేలే తెగింది. తెగిన వేలితోనే పాత స్టిక్కరు అంచున బ్లేడు పెట్టి గీకాడు. బిళ్ళ మొండిగా అంటుకుని ఉంది. పీలికలు పీలికలుగా లేచింది. భయంతో అతనికి కన్నీళ్ళు వచ్చాయి, చెయ్యి మాత్రం ఆగలేదు.

"ఏం చేస్తున్నావో తెలుస్తోందా?" అన్నాడు భానుప్రకాష్.

"తెలుత్తందండి. అందికే భయమేత్తంది."

వెనక బండి దగ్గర కూడా గీకుడు చప్పుడు మొదలైంది. అది అమర్. ఆ వెనక పైడితల్లి, బ్లేడు లేక తాళం చెవితో గీకుతున్నాడు. "మా ముసిల్ది తిడతాదిరా నన్ను," అంటూనే గీకుతున్నాడు. ఆ చప్పుడు వరస పొడుగునా పాకింది. పాట లేని స్టాండులో గాజు మీద ఇనుము గీకుడు తప్ప ఏమీ వినబడలేదు. భానుప్రకాష్ చేతిలో కుంకుమ పళ్ళెం అలాగే ఉంది.

పూజలో గొడవ రేపాడని పౌల్‌రాజును జీపు ఎక్కించారు.  భయం దిగిపోలేదు, జీపులో అతని పక్కనే కూర్చుని వచ్చింది. జీపు మలుపు తిరుగుతుండగా వెనక్కి చూశాడు. లాజరస్ పడిన ఆ మలుపులోంచే ఆటోలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. ప్రతి అద్దం మూలా జిగురు మరక. ముందు బండి అమర్‌ది. దాన్లో ఒళ్ళో అద్దంతో అంతోనమ్మ కూర్చుని ఉంది.

పోలీసు థానా ముందు రోడ్డు నిండిపోయింది. ఇక గొడవ చెయ్యనని సంతకం పెడితేనే పౌల్‌రాజును వదులుతామన్నారు పోలీసులు; అతను పెట్టలేదు, అతన్ని వదిలేదాకా డ్రైవర్లూ కదలమన్నారు. పొద్దు వాలుతుండగా అతన్ని కోర్టుకు తీసుకుపోయారు. ఆటోలు అక్కడికీ వచ్చాయి.

అతను బెయిలు మీద వచ్చాడు, కేసు నడుస్తోంది. చలాన్లు తట్టుకోలేక కొందరు మళ్ళీ స్టిక్కరు అంటించుకున్నారు. వాళ్ళను తక్కినవాళ్ళు తిట్టలేదు, వాళ్ళతోనే ఇంకోసారి మాట్లాడడానికి వెళ్ళారు. మిగతావాళ్ళు కౌంటరు ముందు గుంపుగా నిలబడి, డ్రైవరు ప్రాణానికి రాయించుకుని, కాగితం తమ చేతితో తెచ్చుకున్నారు. ఇప్పుడు ఆ పద్ధతిని గోల్‌మురి దాటి వేరే స్టాండులకు చెప్పాలి. ప్రీమియం తగ్గలేదు. ట్రైలరు ఎవరిదో తేలలేదు. లాజరస్ ప్రాణానికి రావలసింది అంతోనమ్మకు ఇంకా రాలేదు.