నడుము మీద నిప్పుగీత

మొదటి షిఫ్టు వాళ్లు దీపాల కోసం వరుసలో నిలబడి ఉన్నారు. ఆ వరుసను దాటుకుని మారెక్ నేరుగా ల్యాంపు రూం కిటికీ దగ్గరకు వచ్చాడు.

మారెక్ పోలెండ్ ఇంజనీరు. 2006 వానాకాలంలో, బొగ్గు బాయిలో, అంటే గనిలో, కొత్త యంత్రం బిగించడానికి గోదావరిఖని వచ్చి కంపెనీ గెస్ట్‌హౌస్‌లో ఉంటున్నాడు.

“శాంతిరాజ్, మళ్లీ చెమటకాయలా ఇవి?” అని ఇంగ్లీషులో అడిగి చొక్కా పైకెత్తాడు.

వచ్చిన కొత్తలో అతని వీపంతా చెమటకాయలు లేచాయి. బాయి నుంచి పైకి రాగానే చన్నీళ్లతో స్నానం చెయ్యమనీ, ఒంటికి అంటుకునే నైలాను బనియన్లు మానెయ్యమనీ చెప్పి తగ్గించింది ల్యాంపు రూం శాంతిరాజే. అప్పటి నుంచి ఒంటి మీద చిన్న దద్దురు లేచినా మారెక్‌కు అతనే డాక్టరు.

శాంతిరాజ్ కిటికీలోంచి వంగి చూశాడు.

కుడి నడుము మీద, బెల్టుకు కాస్త పైన, జానెడు పొడుగున ఎర్రటి గీత. కొరడాతో కొట్టినట్టుంది. మధ్యలో పసుపుపచ్చని నీటిపొక్కులు.

“యాసిడు!” అని అరిచాడు. “బ్యాటరీ యాసిడు కారింది!”

బాయిలో దిగే ప్రతివాడి టోపీకీ దీపం ఉంటుంది. దాని బ్యాటరీ నడుముకు వేలాడుతుంది. అది కారితే కాలేది సరిగ్గా అక్కడే. ల్యాంపు రూంలో ఇన్నేళ్లుగా అలాంటి నడుములు ఎన్ని చూశాడో శాంతిరాజ్‌కే లెక్క లేదు. మారెక్ చివరిసారి బాయిలో దిగిన సోమవారం నాడు దీపం ఇచ్చింది కూడా అతనే.

తలుపు తోసుకుని బయటికొచ్చాడు. మారెక్‌ను కుళాయి దగ్గరకు లాక్కుపోయి సబ్బు రుద్ది బకెట్ల కొద్దీ నీళ్లు పోశాడు. ఆ గోలకు మేనేజర్ నర్సింగం వచ్చాడు.

“యాసిడని ఎవరన్నరు?”

“నేనే సార్.”

“దీపం ఎవరిచ్చిండ్రు?”

“అదీ నేనే సార్.”

నర్సింగం లోపలికి పోయి ఒక కాగితం తెచ్చి మారెక్ ముందు పెట్టాడు. శాంతిరాజ్ మీద ఫిర్యాదు, సంతకం పెట్టమన్నాడు. మారెక్ తడి నడుముతో నిలబడి తల అడ్డంగా ఊపాడు. “ముందు డాక్టరు” అన్నాడు.

“సరే. డాక్టరమ్మ యాసిడే అంటే మాత్రం శాంతిరాజ్, సాయంత్రానికి నీకు సస్పెన్షన్. బయటి దేశం గెస్టు. హైదరాబాద్ నుంచి ఫోన్లొస్తయి. ఇగ నా చేతుల ఏం లేదు.”

వరుసలో ముందున్న సదయ్య గొంతు తగ్గించి అన్నాడు: “ఏందన్నా, దొంగలు గూడ పోలీసులు అడిగినంకనే చెప్తరు. నువ్వు అడగకముందే చెప్పుకుంటివి.”

“ఉన్నదే చెప్పిన గదరా.”

“గా నిజాలు ఆదివారం చర్చిల చెప్పుకోరాదే? బాయి మీద ఎందుకు?”

శాంతిరాజ్ తడిచేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. దవాఖానకు బయలుదేరుతున్న జీపులో ఎవరూ పిలవకుండానే ఎక్కి కూర్చున్నాడు.

జీపులో గెస్ట్‌హౌస్ వంటమనిషి ఎల్లేశం కూడా ఉన్నాడు. అతని వాదం వేరు.

“యాసిడూ కాదు, ఏం కాదు. ఇది సర్పి. కుమ్మరాయనతోని ఎర్రమట్టి పూయించాలె. నడుము చుట్టు తిరిగి రెండు కొసలు కలిసినయంటే మనిషి దక్కడు.”

“నీ నోరు మూసుకో ఎల్లేశం.”

“నీ మీది కేసు తప్పియ్యాలెనని చెప్తున్ననే, నన్నే తిడుతవా?”

శాంతిరాజ్ వినడం లేదు. సోమవారం పొద్దున ఇద్దరు పనివాళ్లు నాగా. ఒక్కడే దీపాలన్నీ అందించాడు. మారెక్ బ్యాటరీ మూత బిగించాడా? బట్టతో తుడిచాడా? గుర్తు రావడం లేదు. తన చేతి మీదుగా ఇచ్చిన దీపం ఒక మనిషిని కాల్చిందన్న ఆలోచన ముందు సస్పెన్షన్ భయం కూడా చిన్నదైపోయింది.

చర్మం డాక్టరు అనసూర్యది జైపూర్ దగ్గర పల్లె. మారెక్‌తో ఇంగ్లీషులోనూ, మిగతావాళ్లతో ఊరి మాటలోనూ మాట్లాడుతూ అద్దం పెట్టి గీతను చాలాసేపు చూసింది.

“బాయిలో ఎప్పుడు దిగారు?”

“సోమవారం. మంగళవారం గదిలోనే కూర్చుని డ్రాయింగులు చూశాను. మంట మొదలైంది నిన్న, బుధవారం పొద్దున.”

“సోమవారం వేసుకున్న చొక్కా ఏది?”

“నేనే పిండి ఆరేసిన మేడం” అన్నాడు ఎల్లేశం.

“పోయి పట్టుకరా. జల్ది.”

జీపు వెనక్కి వెళ్లింది. అనసూర్య శాంతిరాజ్ వైపు తిరిగింది. “నీ చేతులు చూపియ్యి.”

అతను భయపడుతూ చాపాడు. అరచేతుల వెనక, మణికట్టు మీద, చినుకులు పడ్డట్టు గుండ్రటి తెల్ల మచ్చలు.

“ఇవెట్లయినయ్?”

“యాసిడు చుక్కలు పడి మేడం.”

“పడ్డప్పుడు ఎంతసేపటికి తెలిసింది?”

“ఎంతసేపేంది మేడం? పడంగనే మండుతది.”

“మరి ఈయనకు రెండు రోజులకు తెలిసిందా?”

శాంతిరాజ్ తడబడ్డాడు. “చలిదేశపాయన గద. తోలు మందమేమో.”

అనసూర్యకు నవ్వు ఆగలేదు. ఆ మాట ఇంగ్లీషులో చెప్పేసరికి మారెక్ కూడా నవ్వి, వెంటనే నడుము పట్టుకుని మూలిగాడు. అదే ఊపులో ఎడమ మోచేతి మడతలో గోకాడు.

“అక్కడేమిటి?” ఆమె కళ్లు చురుకయ్యాయి.

మోచేతి మడతకు పైన రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ. కింద ఇంకొకటి. మధ్యలో ఏమీ లేదు.

“చెయ్యి మడవండి.”

మారెక్ మడిచాడు. రెండు మచ్చలూ ఒకదాని మీద ఒకటి అచ్చు గుద్దినట్టు కూర్చున్నాయి.

“చూసినవా శాంతిరాజ్? మొదలు ఒక్క దిక్కే అంటింది. చెయ్యి మడిస్తే రెండో దిక్కు అంటుకున్నది. మోచేతి మడతల బ్యాటరీ కట్టుకుంటడా ఎవడన్న?”

శాంతిరాజ్ తన చేతిని కూడా మడిచి చూసుకున్నాడు.

అప్పుడే ఎల్లేశం చొక్కాతో వచ్చాడు. అనసూర్య దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. నడుము దగ్గర నూలు చెక్కుచెదరలేదు.

“యాసిడు తగిలిన నూలుబట్ట ఉతికితే ఏమైతది శాంతిరాజ్?”

“పిసపిస పీలికలైతది మేడం. మా అంగీలన్నీ గట్లనే పోతయి.” దగ్గరికొచ్చి చొక్కా అంచు తడిమి చూశాడు. “దీనికి… ఒక్క బొక్క గూడ లేదు.”

ఆమె మారెక్‌ను అడిగింది: “రాత్రిళ్లు కిటికీ తెరిచి, లైటు కింద పనిచేస్తారా?”

“అవును. వాన వాసన నాకిష్టం.”

“ఒంటి మీద ఏదైనా పాకిందా?”

మారెక్ ఆలోచించాడు. “మంగళవారం సాయంత్రం చొక్కా విప్పి కూర్చున్నాను. చీమ అనుకుని నలిపేశాను. నడుము దగ్గరొకటి, చేతి మీదొకటి.”

“చీమ కాదు. ఎరుపూ నలుపూ కలిసిన సన్నటి పురుగు. వానాకాలంలో దీపాలకు వస్తుంది. కుట్టదు, కరవదు. నలిపితే దాని రసం చర్మాన్ని కాలుస్తుంది. అదీ వెంటనే కాదు, మరునాడో ఆ మరునాడో. కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది ఇలాగే వస్తారు.”

ఆమె మేనేజర్‌కు ఫోన్ చేసింది. “నర్సింగం గారూ, ఇది పురుగు రసం. దీపానికీ దీనికీ సంబంధం లేదు. అదే రాసిస్తున్న.”

అవతల ఏమన్నాడో వినిపించలేదు గానీ, “ఫిర్యాదు మీద సంతకం పెట్టలేదా? మంచిదైంది” అంది ఆమె. ఫోన్ పెట్టేసి మందు రాసింది. సబ్బు నీళ్లతో కడగాలి. చల్లటి తడిగుడ్డ వేయాలి. క్రీము పలచగా రాయాలి, పొక్కులు చిదమొద్దు. వారం పది రోజుల్లో మానుతుంది, నల్లటి మచ్చ కొన్నాళ్లు ఉంటుంది. కిటికీకి జాలీ కొట్టించాలి. పురుగు వాలితే నలపకుండా ఊది పారెయ్యాలి.

“ఎర్రమట్టి ఒద్దా మేడం?” అన్నాడు ఎల్లేశం.

“అది నీ నోటికి పుయ్యి.”

శాంతిరాజ్ రెండు చేతులూ జోడించాడు. కళ్లు తుడుచుకుని, “మేడం, మీరు సల్లగుండాలె” అన్నాడు.

“దండం ఈయనకు పెట్టు. పొద్దున సంతకం పెట్టి ఉంటే నా దగ్గరికి వచ్చేటోళ్లే గాదు మీరు.”

బయట వరండాలో శాంతిరాజ్ మారెక్ చెయ్యి పట్టుకుని, తనకు తెలిసిన బాయి ఇంగ్లీషంతా కూడగట్టి అడిగాడు: ఎందుకు సంతకం పెట్టలేదు?

మారెక్ మెల్లగా, అతనికి అర్థమయ్యేలా చెప్పాడు. “తప్పు దాచేవాడైతే ముందు దీపం దాచేవాడు. నువ్వు ముందు నీళ్లు పోశావు.”

ఇంతలో శాంతిరాజ్ ఫోన్ మోగింది. భార్య డెబోరా. కబురు సదయ్య అప్పుడే ఇంటికి మోసినట్టున్నాడు.

“ఏమైందయ్యా? సస్పెండు చేసిండ్రా?”

“పోలెండు సారు పెయ్యి మీది గీత మానుతదట. డాక్టరమ్మ చెప్పింది. పురుగు రసమట, నా దీపం కాదట.”

“దేవునికి స్తోత్రం! మరి నీ నౌకరీ?”

“ఆఁ, అది గూడ ఉన్నది.” ఆ సంగతి అప్పుడే గుర్తొచ్చినట్టు నవ్వాడు. “పొద్దుగూకినంక సారును ఇంటికి తీసుకొస్త. కోడిని కొయ్యి. కారం తక్కువెయ్యి, ఆయనకు మల్ల ఏ దద్దురు లేచినా నా మీదికే వస్తది.”