రెండు గ్లాసుల పిండి

ఆమె భర్తకు చెడు అలవాట్లంటూ లేవు. తాగడు, పొగ ముట్టడు, పేక పట్టడు. వేళకు ఇంటికి వస్తాడు. ఇంత మంచి మనిషిని కట్టుకుని కూడా ఒక ఆడది నిట్టూరుస్తోందంటే లోపం ఆమెలోనే ఉందని ఎవరైనా అంటారు. అలా అనేవాళ్ళకు తెలియనిది ఒకటుంది. ఆయన కొలుస్తాడు. టీలో పడే పాలు కొలుస్తాడు. కుళాయిలోంచి నిమిషానికి ఎన్ని లీటర్ల నీళ్ళు వస్తున్నాయో వాచీ పట్టుకుని కొలుస్తాడు. కన్నతల్లికి దగ్గుమందు పొయ్యాల్సి వస్తే, సీసా మూతను కిటికీ వెలుగులోకి ఎత్తి, ఒక కన్ను మూసి, గీత దాకా వచ్చిందో లేదో చూసేలోపు ఆవిడ దగ్గు దానంతటదే తగ్గిపోయేది.

ఉద్యోగం అలాంటిది మరి. ఆయన కొలతల ఇన్‌స్పెక్టరు. పాలవాళ్ళ లీటర్లూ, నూనె కొట్ల డబ్బాలూ, పెట్రోలు పంపులూ ఆయన పరీక్షించి ముద్ర వేస్తేనే చెల్లుతాయి. వీధిలో చాటుగా ఆయన్ని మిల్లీలీటరు గారంటారు. ఆయనకా సంగతి తెలుసనీ, తెలిసి లోపల్లోపల మురిసిపోతున్నాడనీ ఆమె అనుమానం.

ఆమెది కొలత లేని వంట అని ఆయన ఫిర్యాదు. నిజానికి కొలత ఉంది. అంచున చిన్న సొట్ట పడ్డ ఒక స్టీలు గ్లాసు. కేకుకు ఆ గ్లాసుతో రెండు గ్లాసుల మైదా, ఒక గ్లాసు పంచదార, అర గ్లాసు పాలు, నాలుగు గుడ్లు, పిడికిలి పట్టనంత వెన్న. ఇరవై రెండేళ్ళుగా ఆ ఇంట్లో ఆ కేకు తింటున్నారు. ఎవరూ బాగుందని నోరు తెరిచి చెప్పిన పాపాన పోలేదు. ఎవరూ ముక్క మిగల్చనూ లేదు.

బాగుందని మొదట చెప్పింది లైబ్రేరియన్. వీధి చివర లైబ్రరీలో శనివారం సాయంత్రం చదవడానికి వచ్చేవాళ్ళకు టీ ఇస్తారు. టీతో ఇన్నాళ్ళూ పొట్లాం బిస్కట్లే. ఒకసారి ఈమె పుస్తకం మార్చుకోవడానికి వెళ్తూ రెండు కేకు ముక్కలు పట్టుకెళ్ళింది. లైబ్రేరియన్ కళ్ళజోడు తీసి పక్కన పెట్టి మరీ తింది.

"ఇక్కడ వెనక ఒక వంటగది ఉందండీ. ఓవెన్ ఉంది, సింకు ఉంది, చేసే మనిషే లేదు. మీరు తీసుకోకూడదూ? సాయానికి ఇద్దరు సభ్యులు వస్తారు. వచ్చే శనివారం అందరికీ ఒకసారి రుచి చూపించండి. వాళ్ళు సరేనంటే తాళంచెవి మీదే."

ఆమె తలూపింది. పెళ్ళికి ముందు డిగ్రీ పుచ్చుకున్నాక, ఆమెను చూసి ఎవరైనా ఒక గది అప్పగిస్తాననడం అదే మొదటిసారి.

"ఒక్కటే అడుగుతాను," అంది లైబ్రేరియన్. "కొలతలు కాగితం మీద రాసివ్వండి. మీరు రాలేని రోజున ఇంకొకరు చెయ్యాలి కదా."

ఆ మాట ఇంటికొచ్చి మొగుడితో చెప్పడం ఆమె చేసిన పొరపాటు.

ఆదివారం పొద్దున్నే ఆయన వంటింటి బల్ల ఖాళీ చేయించాడు. ఆఫీసు సంచీలోంచి గీతలున్న గాజు జాడీ తీశాడు. స్టీలు గ్లాసును నేరం చేసినవాణ్ణి నిలబెట్టినట్టు బల్ల మధ్యలో నిలబెట్టి, అంచుదాకా నీళ్ళు పోసి, ఆ నీళ్ళను జాడీలోకి వంచి, వంగి చూశాడు.

"రెండు వందల నలభై," అన్నాడు. "రాసుకో. నీ గ్లాసు రెండు వందల నలభై."

"నీళ్ళు పోసి చూశారేంటండీ?"

"మరేం పోస్తారు? ఏ పాత్రనైనా నీళ్ళతోనే పరీక్షిస్తాం. ఇరవై ఆరేళ్ళ సర్వీసు నాది. నీళ్ళు మిల్లీలీటరంటే సరిగ్గా గ్రాము. అంటే గ్లాసుకు రెండు వందల నలభై గ్రాములు. రెండు గ్లాసుల పిండంటే నాలుగు వందల ఎనభై. తూచుకుని చేసుకుంటే ఇక చెయ్యివాటం, కంటి అంచనా ఇవేవీ ఉండవు."

కొత్త వంటింటి కాటా కూడా కొనుక్కొచ్చాడు. గుండ్రటి అక్షరాలతో చార్టు రాశాడు. కింద గీత గీసి, 'మార్చరాదు' అని కూడా రాశాడు. పదో తరగతి చదువుతున్న కూతురు తొంగిచూడబోతే, "నూనె చేతులతో ముట్టుకోకు," అని కసిరాడు. సోమవారం ఆఫీసుకు వెళ్తూ లైబ్రరీ దగ్గర ఆగి, ఒక కాపీ లైబ్రేరియన్‌కు స్వహస్తాలతో ఇచ్చాడు. మా ఆవిడ కొలతలు, అని చెప్పి ఇచ్చాడు.

బుధవారం ఆమె చార్టు ప్రకారం కేకు చేసింది. కలుపుతుంటే గరిటె కదలలేదు. రొట్టెల పిండిలా ముద్దకట్టింది.

"ఏమండీ, ఇది గట్టిగా ఉంది. ఇలా ఉండదు."

"కంటితో చూసి చెప్పకు. ఓవెన్లో పెట్టు."

పెట్టింది. నలభై నిమిషాల తర్వాత బయటికి తీస్తే పైన పగుళ్ళు, లోపల పొడి. చాకు దిగనంది. అత్తగారు ఒక ముక్క నోట్లో వేసుకుని, కాసేపు అటూ ఇటూ తిప్పి, తీసి పళ్ళెం అంచున పెట్టింది.

"అమ్మాయ్, నావి ఎలాగూ కట్టుడు పళ్ళు. నీ మొగుడివి సొంతవి. వాడికి పెట్టు."

ఆయన నమిలాడు. నమలడంలో ఆయన నిజాయితీని ఎవరూ శంకించలేరు, చాలాసేపు నమిలాడు.

"ఓవెన్లో వేడి చాల్లేదు," అన్నాడు చివరికి.

గురువారం ఓవెన్ వేడి పెంచి చేసింది. పైన మాడింది. లోపల మళ్ళీ అదే పొడి. ఈసారి గుడ్లు చిన్నవి అన్నాడు. ఆ తర్వాత కొంచెం ఆలోచించి, బహుశా ఆమె సరిగ్గా కలపడం లేదేమో అన్నాడు.

"అదేంటి నాన్నా, అమ్మకు కలపడం రాదా?" అంది కూతురు. "మరి ఇన్నేళ్ళూ మనం తిన్నదేంటి?"

"అది అదృష్టంకొద్దీ కుదిరేది."

ఎప్పుడూ ఆయన మాటలకు లోపల నవ్వుకునే మనిషి, ఆ మాటకు మాత్రం నవ్వుకోలేకపోయింది. అదృష్టమేనేమో అనిపించింది. శనివారం ఇంకా రెండు రోజులే ఉంది. లైబ్రరీలో పదిమంది ముందు ఇలాంటిది పెడితే తాళంచెవి సంగతి దేవుడెరుగు, పుస్తకం మార్చుకోవడానికి కూడా మొహం చెల్లదు. గిన్నెలు తోముతూ తన చేతులనే ఒకటి రెండుసార్లు అనుమానంగా చూసుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. అత్తగారు పడుకుంది. ఆమె చార్టును గోడకు ఆనించి, దాన్నే చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి, ఎందుకో తనకే తెలియకుండా, స్టీలు గ్లాసు నిండా పిండి తీసుకుని, ఎప్పటిలా చాకు వెనకతో పైన చదును చేసి, ఆ పిండిని కాటా మీద గిన్నెలో పోసింది.

నూట ఇరవై అయిదు.

మళ్ళీ పోసింది. నూట ఇరవై ఆరు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని, రెండు రోజుల తర్వాత మొదటిసారి, ఒక్కతే, కడుపుబ్బ నవ్వింది. గదిలోంచి అత్తగారు, "ఏంటే?" అంది.

"ఏం లేదత్తయ్యా, కేకు గుర్తొచ్చింది."

సాయంత్రం ఆయన టీ తాగడం అయ్యాక దగ్గరికొచ్చి నిలబడింది.

"నా చెయ్యే సరిగ్గా లేదేమోనండీ. రేపటి కేకుకు పిండి మీరే తూచిపెడతారా?"

ఆయన మొహం వికసించింది. చొక్కా చేతులు మడిచాడు. కాటా మీద గిన్నె పెట్టి, పిండి పోసి, చివర్లో చెంచాతో ఇంత తీసి, మళ్ళీ రవ్వంత వేసి, నాలుగు వందల ఎనభై దగ్గర అంకె ఆగాక ఊపిరి వదిలాడు.

"ఇంకొక్క పని. దాన్ని ఈ డబ్బాలో పోసెయ్యండి. వంచితే ఒలుకుతుంది, గ్లాసుతో ముంచి పొయ్యండి. రెండు గ్లాసులేగా."

ఒక గ్లాసు పోశాడు. రెండో గ్లాసు పోశాడు. గిన్నెలోకి చూశాడు. మూడో గ్లాసు ముంచేటప్పుడు చెయ్యి కాస్త నెమ్మదించింది. నాలుగోది అంచుకు వేలెడు తక్కువగా నిండాక గిన్నె అడుగు కనిపించింది.

"ఎన్నో గ్లాసు నాన్నా?" అంది కూతురు పుస్తకంలోంచి తలెత్తకుండానే.

"నువ్వు చదువుకో."

"నేను లెక్కపెట్టానే," అంది గుమ్మంలోంచి అత్తగారు. "నాలుగు."

ఆయన సంచీలోంచి ఇత్తడి తూకంరాయి తీసి కాటాను పరీక్షించాడు. కాటా సరిగ్గానే ఉంది. గ్లాసులో నీళ్ళు పోసి జాడీలోకి వంచాడు. రెండు వందల నలభై. అదీ సరిగ్గానే ఉంది. అన్నీ సరిగ్గా ఉండడమే ఆయనకు కష్టంగా ఉంది.

"నీళ్ళూ పిండీ ఒకే బరువుంటాయా ఏంటి?" అంది కూతురు. "మాకు ఏడో క్లాసులోనే చెప్పారు."

"తెలిస్తే ముందే చెప్పి ఏడవొచ్చుగా!"

"చార్టు ముట్టుకోవద్దన్నారుగా. ముట్టుకోలేదు."

ఆయన డబ్బాలోని పిండిని కాసేపు చూశాడు. తప్పు తనదని ఇప్పుడంటాడేమోనని ఆమె గరిటె పట్టుకుని ఆగింది. గెలవాలని కాదు. రెండు రోజులు తన చేతుల్ని తానే అనుమానించుకునేలా చేసినందుకు ఒక్క మాట చాలు.

"ఈ రకం పిండి మరీ తేలికగా ఉంది," అని, ఆయన పొద్దున తుడిచిన స్కూటరును మళ్ళీ తుడవడానికి బయటికి వెళ్ళాడు.

శనివారం ఆమె గ్లాసుతోనే చేసింది. రెండు గ్లాసులు. పిండి గరిటె మీంచి పట్టులా జారింది. కేకు పొంగి, లేత గోధుమరంగుకు వచ్చి, ఒత్తితే మళ్ళీ పైకి లేచింది. ఆయన కేకు డబ్బా ఎత్తుకున్నాడు. నేనూ వస్తానని అత్తగారు ఉతికిన చీర కట్టుకుంది. కూతురు చెప్పులేసుకుని అప్పటికే గేటు దగ్గరుంది.

లైబ్రరీలో పాతికమంది దాకా ఉన్నారు. ముందు వరసలో పాలాయన పేపరు చదువుతున్నాడు. ఆయన లీటరు కొలతను మొన్ననే నాలుగు మిల్లీలీటర్ల తేడాకు ఇన్‌స్పెక్టరు వెనక్కి పంపాడు.

"రండి," అంది లైబ్రేరియన్. అంతే అంది. నవ్వలేదు. బల్ల మీద పేపరు కప్పిన పళ్ళెం ఉంది. పేపరు తీసింది. దాని కింద ఉన్నది ఏమిటో ఇంట్లో నలుగురూ ఒక్క చూపులో గుర్తుపట్టారు.

"గురువారం నేను చేశాను. మీరు పంపిన చార్టు పక్కన పెట్టుకుని, గ్రాము తేడా రాకుండా. సాయానికొస్తానన్న ఇద్దరూ నాతోనే ఉన్నారు. ముగ్గురం కలిసి చాకు వంచాం." ఆవిడ గొంతు పెంచలేదు గానీ గది మొత్తానికీ వినిపిస్తోంది. "చేయి తిరిగినవాళ్ళు ఏదో ఒక కిటుకు దాచుకుంటారు, నాకు తెలుసు. దాచుకోండి, నేనేమీ అనుకోను. తప్పు కొలతలు రాసివ్వడం మాత్రం ఏం పద్ధతండీ? నలుగురు కలిసి చెయ్యాల్సిన చోటిది. ఇలాగైతే ఆ గది మీ చేతిలో ఎలా పెట్టను?"

పాలాయన పేపరు దించాడు.

ఆమెకు జవాబు నోటిదాకా వచ్చింది. అది నేను రాసింది కాదండీ, అంటే సరిపోతుంది. ఆ మాట అంటే ఈ పాతికమందిలో, ముఖ్యంగా ఆ పాలాయన ముందు, కొలతల ఇన్‌స్పెక్టరు పరువు ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు. అందుకని ఊరుకుందని మనం అనుకుంటే ఆమె మంచితనానికి ఎక్కువ విలువ కట్టినట్టే. ఆయనంతట ఆయన చెబుతాడా లేదా చూడాలని ఉంది. తాళంచెవి పోతే పోనీ, ఇది చూడాలి. డబ్బా మూత తీసి, కేకును నిదానంగా, సమానంగా కోయడం మొదలుపెట్టింది.

రెండు ముక్కలు కోసింది. మూడో ముక్క కోసింది. వెనకాల ఆయన గొంతు సవరించుకోవడం వినిపించింది. మళ్ళీ సవరించుకున్నాడు.

"అది... ఆ చార్టు..." అన్నాడు. "మా ఆవిడ రాసింది కాదండీ."

"మరి?"

"నేను రాశాను."

గదిలో ఎవరో టీ చప్పరించడం ఆపారు.

"నీళ్ళు కొలిచి పిండికి రాశాను. ఇది గట్టిగా ఉందని ఆవిడ మొదటి రోజే చెప్పింది. నేను వినకుండా ఓవెన్‌దన్నాను, గుడ్లదన్నాను, ఆవిడకు కలపడం రాదన్నాను." అక్కడ గొంతు దాదాపు లోపలికి పోయింది. "ఆవిడ కొలత సరైనదే. నాదే తప్పు."

కుర్చీలో కూర్చున్న అత్తగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"ఏంటి నాయనా, చివర్న ఏదో అన్నావు. గట్టిగా చెప్పు, వెనకవాళ్ళకు వినపడలేదుట."

ఆయన తల్లివైపు చూశాడు. పాలాయనవైపు చూశాడు. చాకు పట్టుకుని తనవైపే తిరిగి నిలబడ్డ భార్యను చూశాడు. ఈసారి ఆమెను చూస్తూనే, వెనక వరస దాకా వినపడేలా చెప్పాడు.

"నాదే తప్పు."