గొట్టం మూతి మూసిన రోజు

ముందే చెబుతున్నాను, నా రాతలో తప్పులుంటాయి. అరవై రెండో ఏట అక్షరాలు దిద్దుకున్నదాన్ని. జంట అక్షరాల దగ్గర ఇప్పటికీ తడబడతాను. ఈ నాలుగు పేజీలకు రెండు నెలలు పట్టింది, మన్నించాలి. ఇది మా ఆయన తెరెంతి సంగతి. ఇందులో నేనూ ఉన్నాను కానీ, నన్ను కూడా పరాయిదానిలా పేరు పెట్టే రాశాను. ‘నేను’ అని రాయబోతే చెయ్యి నా వైపే మొగ్గుతోంది.

ఉత్తరాన మంచు మధ్య ఉన్న మా ఊరు ఖారా అలాస్‌లో మంటకన్నా నీళ్ళతోనే ఎక్కువ గొడవ. మైనస్ యాభై నాలుగు డిగ్రీల చలిలో కదిలే నీరే నీరు, ఆగిన నీరు రాయి. అందుకే ఫైర్‌స్టేషన్‌లో చేరినవాడికి మొదటిరోజే నేర్పే మాట ఒకటుంది. గొట్టం మూతి ఒకసారి తెరిచాక మూయకూడదు. మంట ఆరినా సరే, మనిషి అడ్డొచ్చినా సరే, మూతిని పక్కకు తిప్పి మంచులోకి పోస్తూ ఉండాలి. చేతులు కొంకర్లు పోతే కేక వెయ్యాలి, ఇంకొకడు వచ్చి అందుకుంటాడు. పదహారేళ్ళుగా కొత్తవాళ్ళకు ఆ మాట నేర్పుతున్నవాడు తెరెంతే.

జనవరి నెల, మధ్యాహ్నం. అందరూ స్టేషన్ పొయ్యి చుట్టూ కూర్చుని తిండికి సిద్ధమవుతున్నారు. తెరెంతి అలవాటు ప్రకారం రొట్టె ముక్కకు వెన్న రాసి, నిప్పుకు మొదటి ముద్దగా ముందు పొయ్యిలో వేశాడు. ఇంజను తోలే స్పిరిదోన్ నవ్వాడు.

“అన్నా, పూటపూటా దానికి వెన్న పెడతావు, ఊళ్ళోకి రాగానే దాని మీద నీళ్ళు పోస్తావు. నీ ప్రేమేంటో దానికీ అర్థం కావట్లేదు.”

“మీ ఆవిడ కూడా నీకు అన్నం పెట్టే తిడుతుందిగా. నీకేమైనా అర్థమైందా?”

నవ్వులు ఆగకముందే టెలిఫోన్ మోగింది. అక్సిన్య అవ్వ పశువుల కొట్టం అంటుకుంది.

అవ్వకు మనుషులెవరూ లేరు, ఐదు ఆవులున్నాయి. కొట్టంలో పొయ్యి నుంచి రవ్వ ఎగిరి ఎండుగడ్డిలో పడిందట. వీళ్ళు వెళ్ళేసరికి కప్పు సగం ఎర్రగా ఉంది. లోపల ఆవులు అరుస్తున్నాయి. తలుపు గడ్డకట్టి బిగుసుకుపోవడంతో స్టేషన్ పెద్ద ఇన్నొకెంతి మిగతావాళ్ళను తీసుకుని గొడ్డళ్ళతో దాని మీద పడ్డాడు. ఇంజను దగ్గర స్పిరిదోన్, గొట్టం మూతి దగ్గర తెరెంతి ఒక్కడు.

నీళ్ళు బాగానే పడ్డాయి. తలుపు వైపు మంట తగ్గింది. రెండు ఆవుల్ని బయటికి లాగారు. కానీ గోడకు తగిలి చిమ్మిన నీళ్ళకు తెరెంతి చేతి తొడుగులు తడిసిపోయాయి. ముందు వేళ్ళు మండాయి, తర్వాత మంట కూడా తెలియలేదు. మరో తొడుగుల జత అతని కోటు లోపల, రొమ్ము దగ్గర పొడిగా, వెచ్చగా ఉంది. కేక వేస్తే తలుపు దగ్గరివాళ్ళలో ఒకడు వచ్చేవాడే. వాళ్ళు ఆవుల పనిలో ఉన్నారు, పిలవడమెందుకు అనుకున్నాడు. నేర్పేవాడినై ఉండి నేనే కేక వెయ్యాలా అని కూడా అనుకున్నాడు. ఇరవై లెక్కపెట్టేంతలో అయిపోతుందిలే అని మూతి మూసి, గొట్టాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు.

కుడి చేతి బొటనవేలు తొడుగులో దూరలేదు. పళ్ళతో లాగాడు. ఇరవై ఎప్పుడో దాటింది.

మళ్ళీ మూతి తిప్పితే పిడికెడు మంచుపొడి దగ్గి ఊరుకుంది. చేతుల్లో గొట్టం కర్రలా బిగుసుకుంది. పొగ అడ్డంగా ఉంది, ఎవరూ చూడలేదు.

“నీళ్ళు! నీళ్ళేవిరా?” తలుపు దగ్గర్నుంచి ఇన్నొకెంతి అరిచాడు.

కప్పు కూలింది. లోపలి మూడు ఆవుల అరుపులు ఒకదాని తర్వాత ఒకటి ఆగాయి.

అంతా అయ్యాక ఇన్నొకెంతి రెండు చేతులతో గొట్టం ఎత్తి చూశాడు. “ఎందుకాగాయి?”

తెరెంతి నోరు తెరిచాడు. ఈలోగా వెనక నుంచి స్పిరిదోన్ వచ్చాడు. కనుబొమల మీద మంచు, ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

“నావల్లే బాబాయ్. ఇంజను దగ్గింది, ఆగిపోతుందేమోనని పంపు కాస్త తగ్గించా. రెండు క్షణాలే. అంతలోనే గడ్డకడుతుందనుకోలేదు.”

“రెండు క్షణాలు! మూడు ఆవులు పోయాయిరా వెధవా!”

తెరెంతి తెరిచిన నోరు మూసుకున్నాడు. పంపు కాస్త తగ్గినందుకు కాదు, మూతి మూసినందుకే గడ్డకట్టిందని అక్కడ తెలిసినవాడు అతనొక్కడే.

ఇన్నొకెంతి కాగితం రాశాడు. వచ్చే నెల మొదటి నుంచి స్పిరిదోన్‌ను ఇంజను మీద నుంచి తీసి, ఊరికి వేడినిచ్చే బాయిలర్ దగ్గర బొగ్గు ఎత్తే పనికి పంపాలని.

తెరెంతి పొయ్యిలో వెన్న వెయ్యడం మానేశాడు. మూడో రోజు పొద్దున భార్య ఉల్యానా గుమ్మంలో కూర్చుని నీళ్ళ కోసం నదిమంచు దిమ్మ పగలగొడుతుంటే, పక్కన చతికిలబడి ఉన్నదంతా చెప్పేశాడు.

ఉల్యానా గొడ్డలి ఆపింది. 

“ఇంకెవరికైనా చెప్పావా?”

“లేదు.”

“చెప్పకు.” మళ్ళీ గొడ్డలి ఎత్తింది. “వాడు కుర్రాడు, బొగ్గెత్తినా బతుకుతాడు. నీకు నలభై ఎనిమిది, ఊపిరితిత్తులు సరిగ్గా లేవు. ఆ బొగ్గుపొడిలో రెండేళ్ళుంటావా? ముగ్గురు పిల్లల్ని నేనేం చేసుకోను? తప్పు నాదని వాడంతట వాడే అన్నాడు కదా.”

“వాడిది కాదే.”

“కాదని వాడికి తెలుసా?”

తెరెంతి లేచి లోపలికి పోయాడు. ఉల్యానా మంచుముక్కలు ఏరి గిన్నెలో వేసింది.  

ఇంకో నాలుగు రోజులు గడిచాయి. తెరెంతి డ్యూటీ దిగి ఇంటికొస్తుంటే పొగమంచులోంచి ఆవు గిట్టల చప్పుడు వినిపించింది. ఎదురుగా స్పిరిదోన్. చేతిలో పలుపు, వెనక అతని ఎర్రావు. దాని వీపు మీద పాత దుప్పటి, పొదుగుకు చలి తగలకుండా కుందేలు తోలు సంచి.

“ఎక్కడికిరా దీన్ని?”

“అవ్వకివ్వడానికి. మూడు ఇవ్వలేను, ఉన్నది ఇదొక్కటే.”

“మరి నీ పిల్లలకు పాలు?”

“నల్లటీ తాగితే చస్తారా ఏంటి? నిద్ర పట్టట్లేదన్నా. కళ్ళు మూస్తే చాలు, ఇంజను దగ్గిన చప్పుడే.” తర్వాత నవ్వబోయాడు. “ఇది నడవనని మొండికేస్తోంది. కాస్త వెనక నుంచి తోలవా?”

తెరెంతి తోలాడు. తోలుతున్నంతసేపూ ఇప్పుడు చెబుతాను, ఆ కంచె దాటాక చెబుతాను అనుకున్నాడు. కంచెలన్నీ దాటిపోయాయి.

అక్సిన్య అవ్వ పొరుగువాళ్ళ కొట్టంలో ఉంటోంది. మిగిలిన రెండు ఆవులూ అక్కడే. ఆవును చూసింది, స్పిరిదోన్‌ను చూసింది.

“ఏంట్రా ఇది? నా మూడింటికి బదులా?”

“బదులని కాదు అవ్వా…”

“వాటిని పేరు పెట్టి పిలిచేదాన్ని. లోపల్నుంచి అవి నన్నే పిలిచాయి, విన్నావా? ఇంజను దగ్గిందట! నీకు దగ్గొస్తే మీ అమ్మ నీకు పాలివ్వడం మానేసిందా? పో, నీ ఆవు మొహం కూడా చూడను.”

స్పిరిదోన్ తలవంచుకుని నిలబడ్డాడు.  పలుపు రెండు చేతులతో పట్టుకుని, కొట్టమన్నట్టు నిలబడ్డాడు.

తెరెంతి టోపీ తీశాడు. “వాడిని తిట్టకవ్వా. నీళ్ళు ఆగింది వాడివల్ల కాదు. మూతి నేను మూశాను. చేతి తొడుగులు మార్చుకోవడానికి.”



“ఏంటన్నా?” అన్నాడు స్పిరిదోన్.

“మూశాను. కేక వెయ్యలేదు. ఏడు రోజులు నోరు మూసుకున్నాను.”

స్పిరిదోన్ అతని ముఖంలోకి చూశాడు. కొడతాడనుకున్నాడు తెరెంతి, కొడితే బాగుండుననీ అనుకున్నాడు. స్పిరిదోన్ పలుపు చేతికి చుట్టుకుని, ఆవును తిప్పుకుని, గుమ్మం దాటి పొగమంచులోకి వెళ్ళిపోయాడు.

“చేతి తొడుగుల కోసం,” అంది అవ్వ మెల్లగా. ఇక తిట్టలేదు. గడ్డిమోపు మీద కూలబడి, మొహం తిప్పుకుంది.

అటు నుంచి అటే తెరెంతి ఇన్నొకెంతి దగ్గరికి పోయి కాగితంలో స్పిరిదోన్ పేరు తీయించి తన పేరు రాయించాడు. ఇంటికొచ్చి కొట్టం తలుపు తీశాడు. ఉల్యానా చప్పుడు విని బయటికొచ్చింది.

“చెప్పేశాను.”

ఆమె తమ ఆవు పలుపు తనే విప్పింది. పొదుగుకు సంచి కట్టి అతని చేతికిచ్చింది.

అవ్వ ఆ ఆవును తీసుకుంది. మన్నించానని అనలేదు, అతనూ అడగలేదు. తెరెంతి ఒకటి కాదు, రెండు కాదు, ఐదేళ్ళు బొగ్గు ఎత్తాడు. చివరి రెండేళ్ళు దగ్గులో నలుపు పడింది. స్పిరిదోన్ మళ్ళీ ఇంజను తోలాడు. తెరెంతిని మట్టి చేసిన రోజు గడ్డకట్టిన నేలను మంటవేసి కరిగించి గుంట తవ్వినవాళ్ళలో అతనూ ఉన్నాడు. పని అయ్యాక ఉల్యానా దగ్గరికి వచ్చి, “ఆయన అన్ని రోజులు ఎలా దాచాడో నాకిప్పటికీ అర్థం కాదు వదినా. దాచే మనిషి కాదు,” అన్నాడు.

ఉల్యానా అతనికి టీ పోసింది. అందులో పాలు ఎక్కువ వేసింది. చెప్పొద్దన్నది తనేనని ఆ రోజూ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. స్పిరిదోన్‌కు చదవడం వచ్చు, ఈ నాలుగు పేజీలూ అతనికే.

ఉల్యానా, డెబ్బై ఒక్క ఏళ్ళు. ఇప్పుడు ఉంటున్నది బతగాయ్‌లో, చెల్లెలి ఇంట్లో.