వెర్నా పాటకి గులాబీ కాగితాలు

డిసెంబరు వచ్చిందంటే ఆ ఊరి చర్చికి ముందు వరండాయే ఫ్రిజ్జు. కేకులు, పందిమాంసం, మిగిలిపోయిన సూపు, అన్నీ అక్కడే. అమెరికాలోని ఉత్తర డకోటా చలిలో పెట్టింది ఏదీ పాడవదని అందరికీ ధీమా. చర్చి ఆఫీసు చూసుకునే మార్లిస్‌కీ అదే ధీమా. అంత్యక్రియల భోజనాలకి బల్లలు వేయాలి, సామాన్ల గదిలో చోటు లేదు. దాంతో ప్రింటరు కాగితాల కట్టలన్నీ మోసుకెళ్ళి ఆ వరండాలో పేర్చేసింది. అందులో తప్పేముందో ఎవరికీ తోచలేదు.

పోయింది వెర్నా. ఆమె భర్త ఓరిన్ గోధుమ రైతు, నోట్లోంచి మాట ఊడిపడడమే కష్టం. అలాంటి మనిషి చర్చికి వచ్చి, టోపీ చేతుల్లో నలుపుకుంటూ ఒక్కటంటే ఒక్కటే అడిగాడు. వెర్నా గిన్నెలు కడుగుతూ రోజూ పాడుకునే పాత నార్వే పాట ఒకటుంది, దాన్ని వచ్చినవాళ్ళందరూ కలిసి పాడాలట. తాతల నాటి ఆ భాష ఇప్పుడు ఊళ్ళో ఎవరికొచ్చు గనక? మాటలు అచ్చు వేసి తలా ఒక కాగితం ఇస్తే తప్ప నోళ్ళు తెరుచుకోవు. అదెంత పని అని మార్లిస్ మాటిచ్చేసింది.

తీరా అంత్యక్రియల ఉదయం ప్రింటరు మొండికేసింది. రెండు మూడు కాగితాలు ఒకేసారి మింగడం, ముడతలు పెట్టి కక్కడం. మార్లిస్ మూత తెరిచి ఇరుక్కున్న ముక్కలు లాగింది. కాగితాన్ని లోపలికి లాక్కునే రబ్బరు రోలరు తుడిచింది. టోనరు డబ్బా తీసి ఊపింది. ఆపింది, మళ్ళీ పెట్టింది, బతిమాలింది, తిట్టింది. మెకానిక్కుకి ఫోను చేస్తే, మంచులో బండి కూరుకుపోయింది, సాయంత్రం దాకా రాలేనన్నాడు. కట్టలోనే ఏదో లోపముందనుకుని ఆవిడ ప్రతిసారీ వరండాలోకి పరిగెత్తి కొత్త కట్ట తేవడం, వెంటనే చించి ప్రింటర్లో పెట్టడం. కంగారులో ఉన్న మనిషికి ఎంత తెలివి ఉండి ఏం లాభం!

సరిగ్గా అప్పుడే చర్చి కమిటీ పెద్ద లైల్ కాఫీ కప్పు పట్టుకుని గుమ్మంలో తేలాడు. గోడకి తెర బిగించి పాటలు దాని మీద చూపిద్దామని రెండేళ్ళుగా ఆయన పోరు.

"తెర పెట్టిద్దామంటే నువ్వూ వెర్నా కలిసి నా మీద పడ్డారు. ఇప్పుడేమంటావ్?"

"కాఫీ తాగడం అయితే ఆ కప్పు కడిగి పెట్టు లైల్."

పైకి అంది గానీ ఆవిడ చూపంతా కిటికీ వైపే. బయట కార్లు వచ్చి ఆగుతున్నాయి. లోపల మూత తీసిన శవపేటిక పక్కన ఓరిన్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పుట్టి బుద్ధెరిగి ఎవరినీ ఏమీ అడగని మనిషికి ఏ మొహం పెట్టుకుని లేదని చెప్పడం?

చివరిసారిగా ఇంకో కట్ట తెచ్చింది. లోపలికి అడుగు పెట్టగానే కళ్ళజోడు మసకేసింది. ఏమీ కనబడక అక్కడే నిలబడి, అద్దాలు విసుగ్గా తుడుస్తూ, చటుక్కున ఆగిపోయింది. చలిలోంచి వెచ్చదనంలోకి వస్తే అద్దానికే చెమట పడుతోంది, మరి కాగితానికి? పక్కనే వంటగదిలో కాఫీ కాగుతూ ఆవిర్లు కూడానూ. మొదటి కట్టలోంచి ఒక కాగితం తీసి చెంపకి ఆనించుకుంది. చెమ్మ.

"తెల్లారినట్టే ఉంది నా తెలివి," అనుకుంది పైకే.

చలి తగలని కాగితం ఎక్కడుంది? ఆదివారం బడి గదిలో, పిల్లలు బొమ్మలు కత్తిరించుకునే బీరువాలో. అది హీటరు పక్కనే ఉంటుంది. గబగబా వెళ్ళి చూస్తే కాగితాలు పొడిగా, వెచ్చగా ఉన్నాయి. కాకపోతే గులాబీ రంగు! చావుకి ఎర్ర టై కట్టుకొస్తేనే గుసగుసలు పోయే చర్చి అది. లైల్ నోరు తెరిచాడు.

"మాట్లాడకు. మడతలు పెట్టు," అంది మార్లిస్.

కాగితాలు ఒక్కొక్కటే, బుద్ధిగా, మాటలన్నీ నల్లగా స్పష్టంగా వచ్చాయి. ప్రింటరుని ముద్దు పెట్టుకోవాలనిపించింది ఆవిడకి. కుర్చీలో కూలబడి హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంది. లైల్ చెప్పినట్టే మడతలు పెట్టాడు, అదీ చక్కగానే.

మొదటి కాగితం ఓరిన్‌కి ఇస్తూ, రంగు సంగతి క్షమించమంది. ఆయన రంగు చూడనే లేదు. అక్షరాల మీద బొటనవేలు మెల్లగా నడిపాడు.

"ఇంకొకటి ఉందా మార్లిస్?"

"బోలెడున్నాయి. ఎవరికి?"

ఆయన పేటికలోకి తల తిప్పి చూశాడు.

"దీనికి. రెండో చరణం ఏనాడూ సరిగ్గా రాలేదు. ఇన్నేళ్ళూ కూనిరాగంతోనే నెట్టుకొచ్చింది."

మార్లిస్‌కి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఇంకో కాగితం తెచ్చి, మడత విప్పి, రెండో చరణం పైకి కనబడేలా వెర్నా చేతుల కింద పెట్టింది.