ఎర్ర పట్టీ మీద కుట్టు

పిచ్చుక గాలిపటం కట్టుకుని సముద్రంలోకి దిగిన రోజున వాళ్లమ్మ కుట్టు వంకర పోయేది. కోటగోడ అడుగున, ఒకప్పుడు తుపాకిమందు దాచిన గదే ఆమె కొట్టు. మందమైన రాతిగోడకు ఒక్కటే కిటికీ, ఫిరంగి మూతి పట్టేంత. ఒక కన్ను సూది మీద, ఒక కన్ను ఆ కిటికీలోంచి కనిపించే నీళ్ల మీద పెట్టి, పడవల తెరచాపలూ హోటళ్ల ఎండగుడ్డలూ కుట్టేది. కూతురు కాసేపు కనపడకపోతే మునిగిందనుకునేది. కనపడితే, ఇంక మునుగుతుందనుకునేది.

కాళ్ల కింద ఒక పలక, నడుముకు వెడల్పాటి బెల్టు, బెల్టు ముందున్న కొక్కేనికి తాళ్లు, తాళ్ల కొసన మంచమంత గాలిపటం. గాలి లాగుతుంటే నీళ్ల మీద జారుకుంటూ పోవడమే ఆ ఆట. ఒడ్డున మాస్టారు నడిపే బడిలో పిచ్చుక ముందు నేర్చుకుంది, ఇప్పుడు నేర్పుతోంది. పిచ్చుక అన్న పేరు మేనమామ పెట్టింది. చెప్పినచోట నిలవదు కాబట్టి ఆ పేరే నిలిచింది.

ఒక సాయంత్రం బెల్టు వెనక మెత్త చిరిగిందని తెచ్చి తల్లి ముందు పడేసింది. మెత్త కుట్టడం ఎంతసేపని? అది అయ్యాక తల్లి చూపు కొక్కెం పక్కనున్న ఎర్ర పట్టీ మీద పడింది. కుట్టు లేదు, ముడి లేదు. సంచులకు ఉండే గరుకు అంటుపట్టీతో ఊరికే అంటించి ఉంది. వేలితో లాగితే చర్రుమని ఊడింది. ఊడగానే కొక్కెం నోరు తెరుచుకుంది. పిల్ల ప్రాణం వేలాడేది ఈ కొక్కెం మీదనా? నడిసముద్రంలో అల తగిలి ఇది ఊడితే గాలిపటం దారి గాలిపటానిది, పిల్ల దారి? గాలిపటం ఉంటేనే కదా ఒడ్డుకు లాక్కొచ్చేది?

తెరచాపలకు వాడే మైనపు దారం సూదికి ఎక్కించి, పట్టీని పైనుంచి కిందకి కుట్టేసింది. ఒక అంచే. రెండో అంచు కింద గట్టి ప్లాస్టిక్కు ఉండి సూది దిగలేదు. ముడి పైకొసన వేసి పళ్లతో దారం తెంపింది. కూతురికి చెప్పలేదు. చెబితే నవ్వుతుంది, మాస్టారికి చెప్పి ఆయన్నీ నవ్విస్తుంది. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి కంటినిండా నిద్రపోయింది.

మర్నాడు గాలి పొద్దుటినుంచే ఈలలు వేస్తోంది. పిచ్చుక చలికోటు కొట్లోనే మరిచిపోయి వెళ్లింది. అది ఇచ్చే వంకతో తల్లి కొట్టు మూసి, పాత సుంకం కచేరీ పక్క సందులోంచి ఒడ్డుకు దిగింది. పిచ్చుక అప్పటికే నీళ్లలో ఉంది. కోటగోడ సముద్రంలోకి చొచ్చుకుపోయిన కొనకు బాగా అవతల, పసుపు గాలిపటం తాటిచెట్టంత ఎత్తున ఊగుతోంది. ఇసకలో మాస్టారు కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెబుతున్నాడు. ఆమె వెనక నిలబడింది.

ఆయన తన బెల్టుకున్న ఎర్ర పట్టీని చూపించాడు. మిగతావన్నీ మరిచిపోయినా పర్లేదు గాని దీన్ని మరిచిపోవద్దన్నాడు. గాలి తిరగబడి గాలిపటం మనల్ని రాళ్ల మీదికి ఈడుస్తుంటే ఈ పట్టీ లాగాలి. లాగితే కొక్కెం విప్పుకుంటుంది, గాలిపటం చచ్చినట్టు పడిపోతుంది, మనిషి బతుకుతాడు. బతికించేది గాలిపటం కాదు, దాన్ని వదిలెయ్యడం. అందుకే ఒక్క వేలితో ఊడేట్టు పెడతారు.

ఆమె చేతిలోని కోటు ఇసకలో పడింది. మాస్టార్ని పిలవబోయి ఆగింది. ఏమని చెప్పడం? అంతలో ఒడ్డున పాతిన గుడ్డ జెండా వాలి, ఒక్క క్షణం ఊగిసలాడి, అటునుంచి ఇటు తిరిగింది. గాలి మారింది. ఇప్పుడది సముద్రంలోంచి తిన్నగా కోటగోడ మీదికి కొడుతోంది. మాస్టారు పాఠం ఆపి లేచి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. పసుపు గాలిపటం ఒకవైపుకు ఒరిగి గోడ వైపు ఉరుకుతోంది. కాళ్ల కింద పలక జారిపోయిన పిచ్చుకను నీళ్లలో ఈడ్చుకుపోతోంది.

"పట్టీ లాగదేం? దీనికి పంతం ఎక్కువైంది," అన్నాడు మాస్టారు.

ఆ మాట పూర్తికాకముందే ఆమె కాలుకాలిన పిల్లిలా రేవు వైపు పరుగెత్తింది. రేవు మెట్ల దగ్గర రక్షణ పడవ నడిపేది ఆమె తమ్ముడే. ఇంజను ఆడించి, చుక్కాని పట్టుకుని సిద్ధంగా నిలబడి ఉన్నాడు గాని కదలడం లేదు. అక్కను చూసి, కంగారు పడకు, అది గాలిపటం వదిలెయ్యగానే వెళ్లి ఎత్తుకొస్తానన్నాడు. వాళ్ల పనిలో అదే పద్ధతి. గాలిపటం పైన ఉన్నంతసేపూ పడవ దగ్గరికి పోకూడదు. తాళ్లు ఇంజను రెక్కలకు చుట్టుకుంటే పడవా పోతుంది, మనిషీ ముక్కలవుతాడు.

"అది వదల్లేదురా."

"వదుల్తుందక్కా. నేర్పేది అదే."

ఈ మాట బయటపడితే కూతురు జన్మలో తన మొహం చూడదన్న సంగతి ఆ నిమిషంలోనూ ఆమెకు తోచింది. మరుక్షణం ఆ ఆలోచన మీద ఆమెకే అసహ్యం పుట్టింది.

"పట్టీ ఊడదు. నేను కుట్టేశాను."

తమ్ముడు ఆమె మొహంలోకి చూశాడు. ఏ పట్టీ అని అడగలేదు. ఏ దారంతో అని మాత్రం అడిగాడు. మైనపు దారం అంది. అతను పడవ కట్టుతాడు విప్పుతుంటే ఆమె చెంగు బిగించి పడవలోకి దూకింది. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ పడవెక్కని మనిషి. దిగమని అతను అరిచాడు, ఆమె పడవ అంచును రెండు చేతులా కరుచుకుంది. ఇక వాదించే వ్యవధి లేదు.

అలల మీద పడవ ఎగిరెగిరి పడుతోంది. ఆమె కళ్లు మూయలేదు. పిచ్చుక కనిపిస్తోంది. ఒక చేత్తో పట్టీని నేరుగా తనవైపు గుంజుతోంది, గుంజుతోంది, నీళ్లు తాగి లేస్తోంది, మళ్లీ గుంజుతోంది. గోడ దగ్గరవుతోంది. నాచు, దాని కింద కత్తుల్లాంటి గుల్లలు అంటుకున్న రాళ్లు. తాళ్లు అందనంత దూరంలో తమ్ముడు పడవను ఆపాడు. ఇంతకంటే పోలేనన్నాడు. అతని గొంతు ఏడుపులా ఉంది.

ఆమెకు నిన్నటి కుట్టు కళ్లముందు నిలిచింది. ఒకే అంచు. ముడి పైన. కింద మూల ముడి లేకుండా వదిలేసింది. నేరుగా లాగితే కుట్లన్నీ కలిసికట్టుగా పట్టుకుంటాయి. ఎంత బలమూ చాలదు. కింద మూలనుంచి పక్కకి చీలిస్తే ఒక్కొక్కటే ఊడొస్తాయి. తమ్ముడి పక్కనున్న మైకు లాక్కుంది. దాని బొత్తాం ఎక్కడుందో అతనే నొక్కి చూపించాడు.

"పిచ్చుకా, అమ్మని. పట్టీ నేను కుట్టేశాను. తిన్నగా లాగకు. కింద మూల పట్టుకో. పక్కకి చీల్చు, బస్తా మూతి విప్పినట్టు. కింద మూల, తల్లీ."

గాలిలో ఆ గొంతు గోడకు తగిలి తిరిగొచ్చింది. పిచ్చుక తల తిప్పలేదు. వినపడిందో లేదో తెలియదు. చెయ్యి మాత్రం పైనుంచి కిందికి తడుముకుంటూ జారింది. ఒక అల ఆమెను కప్పేసింది. తల్లి మైకును అలాగే నోటికి అదిమిపెట్టుకుని, మాటల్లేక, ఊపిరి మాత్రం వదులుతోంది. ఆ ఊపిరి రేవంతా వినపడింది.

అల దిగేసరికి గాలిపటం బిగువు పోయి, చింపిరి గుడ్డలా గిరగిరా తిరిగి, కోట బురుజు మీద పాత ఫిరంగికి చుట్టుకుంది. పిచ్చుక గోడకు చేరువలో, తాళ్లు లేకుండా, ఒంటిగా తేలుతోంది.

మేనమామ ఆమెను చంకల కింద పట్టుకుని పడవలోకి లాగాడు. మోచెయ్యి గీసుకుపోయి నెత్తురు కారుతోంది. దగ్గి, నీళ్లు కక్కి, తల్లి వైపు చూసింది. తిడుతుందనుకుంది తల్లి. తిడితే బావుండుననుకుంది.

"చెప్పచ్చుగా," అంది పిచ్చుక. అంతే.

తమ్ముడు నవ్వించబోయి, మనిషి పోయినా మీ అమ్మ కుట్టు పోదే అన్నాడు. అనేశాక నాలిక్కరుచుకున్నాడు. పడవను రేవు వైపు తిప్పాడు.

చేతికి కట్టు కట్టించుకుని పిచ్చుక తిన్నగా అమ్మ కొట్టుకు వచ్చింది. తడి బెల్టును మిషను మీద పెట్టింది. తల్లి దారపు ముక్కల్ని ఒక్కొక్కటే సూదిమొనతో తీసింది. కూతురు దీపం దగ్గరగా పట్టుకుంది. పాత అంటుపట్టీ అరిగిపోయిందని పిచ్చుకే ఒప్పుకుంది. కొత్తది కత్తిరించి, ఎక్కడ కుట్టాలో, ఎక్కడ కుట్టకూడదో వేలు పెట్టి చూపించింది. తల్లి చెప్పినచోటే కుట్టింది.

తర్వాత పిచ్చుక బెల్టును తల్లి నడుముకు బిగించి, కొక్కేనికి తాడు తగిలించి, రెండో కొస కిటికీ ఊచకు కట్టింది.

"వెనక్కి వాలు. బరువంతా దాని మీద వెయ్యి. ఇప్పుడు లాగు."

తల్లి లాగింది. చర్రుమని ఊడింది. ఆమె వెనక్కి వెళ్లి తెరచాపల కుప్ప మీద కూలబడింది. పిచ్చుకకు నవ్వొచ్చింది, ఆపుకుంది.

"రేపు కూడా గాలి ఉంటుందా?" అంది తల్లి కిందనుంచే.

"ఉంటుంది."

తల్లి లేచి, పట్టీ అంటించి, తాడు కొక్కేనికి తనే తగిలించుకుంది. వెనక్కి వాలింది. మళ్లీ లాగింది.